గున్నమ్మ పేరు మీద నూలు

పని దొరక్కూడదని కోరుకుంటూ జీతం తీసుకునే ఆఫీసు మాది. ఫైర్ స్టేషన్ వాళ్ళూ అంతే కదా అంటారు మా ఆయన. వాళ్ళు వెళ్ళి మంట ఆర్పి వస్తారు. మేము ఇన్నాళ్ళూ కాలిపోయిన ఇల్లు లెక్క రాసుకుని వచ్చాం, అదీ తేడా.

విశాఖపట్నంలో, సముద్రం కనిపించీ కనిపించని ఒక కొండవాలు మీద మా కేంద్రం ఉంది. జాతీయ మెదడు వ్యాధి నిఘా కేంద్రం అని బోర్డు. ఆ వ్యాధి అసలు పేరు ఇద్దరు జర్మన్ డాక్టర్ల పేర్లు కలిపి పెట్టింది, పలికేసరికి నోరు వంకర పోతుంది. అందుకని మాలో మేము తోడు జబ్బు అంటాం. మెదడులో ఉండే ఒక మాంసకృత్తు ఏ కారణం లేకుండా వంకర తిరుగుతుంది. అది పక్కదాన్ని తాకితే అదీ వంకర తిరుగుతుంది. గిన్నెడు పాలలో చుక్క పెరుగు వేసినట్టన్న మాట. తెల్లారేసరికి గిన్నెంతా తోడుకుంటుంది. ఆ పెరుగుని మళ్ళీ పాలు చేసిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వస్తుంది. బయటపడ్డాక ఏడాది తిరగదు. దేశంలో ఏ మూల ఏ డాక్టరుకి అనుమానం వచ్చినా మాకు కబురు పెట్టాలని చట్టం ఉంది. మేము వెళ్ళి చూసి, పేరు నమోదు చేస్తాం. ఆ పేరు పక్కన చివరి గడి పోయిన తేదీది. నా సర్వీసు మొత్తం మీద మొన్నమొన్నటిదాకా ఆ గడి నిండని పేరు ఒక్కటి కూడా లేదు.

నా పేరు గేదెల సుభాషిణి. పార్వతీపురం పిల్లని. ఇంటిపేరు గేదెల, చెప్పేది పెరుగు కబుర్లు అని మెడికల్ కాలేజీ రోజుల నుంచి ఏడిపిస్తూనే ఉన్నారు. కోపం ఎక్కువని కూడా అంటారు. అది అబద్ధం. కోపం తెప్పించేవాళ్ళు ఎక్కువ.

వాళ్ళలో మొదటివాడు మా నజీర్. ల్యాబులో నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. టీ తాగుతూ కప్పులో పెన్ను ముంచేసే రకం. ఆ కుర్రాడే చేతిజాడ యంత్రం కనిపెట్టాడు.

వాడు పట్టుకున్న సంగతి చిన్నది. మెదడులో మొదటి వంకర పడగానే, మతిమరుపూ తూలడం లాంటివి మొదలవడానికి ఎన్నో ఏళ్ళ ముందే, వేళ్ళలో ఒక తొట్రుపాటు మొదలవుతుంది. రెప్పపాటులో పదో వంతు. ఎదురుగా కూర్చుని చూసినా కనబడదు, ఆ మనిషికీ తెలియదు. అయితే ఆ చెయ్యి చేసిన పని మీద మాత్రం ఆ జాడ మిగిలిపోతుంది. మొదట చేతిరాతలో వెతికాడు. ఈ రోజుల్లో చేత్తో రాసేదెవరు? సంతకం కూడా వేలిముద్రే అయిపోయింది. అప్పుడు వాడి కన్ను చేతినూలు మీద పడింది.

శ్రీకాకుళం జిల్లాలో రాట్నం మీద ఇంకా సన్ననూలు వడికే ఊళ్ళు కొన్ని మిగిలాయి. వెంట్రుకకన్నా సన్నని దారం తీస్తారు. ఒక్క చిలపలో, అంటే ఒక నూలు చుట్టలో, ఒక మనిషి చెయ్యి వందల గజాల పొడవున పరుచుకుని ఉంటుంది. నజీర్ ఆ దారాన్ని సన్నని వెలుతురు లోంచి పరుగెత్తిస్తాడు. ఎక్కడ వేలు తొట్రుపడితే అక్కడ యంత్రం టిక్కుమంటుంది. తోడు జబ్బుతో పోయిన ఒకావిడ పాత చిలపలు తెచ్చి చూస్తే, ఆవిడ పోవడానికి ఎనిమిదేళ్ళ ముందు నుంచే ఆ టిక్కులు వినిపించాయి. ఆ రోజు నజీర్ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, వాడు చూడకుండా.

ఎందుకంటే అప్పటికే నిలుపు మందు వచ్చింది. మొదట్లోనే ఇస్తే ఆ వంకర ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. వెన్నునీటి పరీక్షలో జబ్బు తేలేసరికి మందు పనికిరాదు. అంత ముందుగా చెప్పగలిగింది చేతిజాడ ఒక్కటే. దేశం మొత్తానికీ ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మోతాదుల మందే తయారవుతుంది. నమోదైన మనిషి పేరు మీదే ఢిల్లీ నుంచి వస్తుంది, వచ్చిన వారంలోపు వాడేయాలి.

దానికో ఖరీదుంది. అది వేళ్ళ కొసల్లో ఉండే సున్నితం తీసేసుకుంటుంది. వేడి తెలుస్తుంది, దెబ్బ తెలుస్తుంది, గుండీలు పెట్టుకోవచ్చు, అన్నం కలుపుకోవచ్చు. రెండు వేళ్ళ మధ్య ఒక దారప్పోగు ఉందో లేదో మాత్రం ఇక జన్మలో తెలియదు.

*

ఆ ఎండాకాలం నజీర్ నా గదిలోకి తలుపు కొట్టకుండా వచ్చాడు.

"మేడం, బతికున్న మనిషి దొరికింది."

అలా అని వెంటనే నాలిక కరుచుకున్నాడు. మొహంలో సంతోషం దాచుకోవడం వాడి తరం కాలేదు. వాణ్ణి తిట్టలేకపోయాను, నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది.

పొందూరు అవతల పెసరవలస అని ఊరు. అక్కడి నూలు సంఘం నుంచి వచ్చిన చిలపల్లో, ఒకే చీటీ ఉన్న వాటిలో, కొన్నేళ్ళుగా ఆ టిక్కులు వస్తున్నాయి. చీటీ మీద పేరు గున్నమ్మ. నాకు తెలిసిన పేరే. సన్ననూలుకి ఢిల్లీలో పతకం అందుకున్న మనిషి. జాడ చూస్తే ఇంకా సమయం ఉంది, ఎక్కువ లేదు. వానలు పడేలోపు మందు ఎక్కించాలి.

ఆ సాయంత్రమే పేరు నమోదు చేశాం. మందుకి రాశాం. మర్నాడు నేను పెసరవలస వెళ్ళాను.

గున్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట బుగ్గన, మెడలో పతకం. అవును, మెడలోనే, నల్లపూసలతో పాటు. పక్కన పళ్ళెంలో పత్తి. ఒళ్ళో వాలుగ చేప దవడ ఎముక. ఆ దవడకుండే సన్నటి పళ్ళతోనే అక్కడ పత్తి దువ్వుతారు, ఇనప దువ్వెన పనికి రాదు. లోపల రాట్నం దగ్గర్నించి ముప్పై అయిదేళ్ళ కోడలు చటుక్కున లేచి నిలబడింది.

"ఎవులమ్మా? ఫొటోకా?" అంది గున్నమ్మ. "సంతోసీ, రాట్నం బైటికి తెయ్యే. నా కొత్త కోక కూడా తే."

"ఫొటోకి కాదు పెద్దమ్మా. డాక్టర్ని."

"డాక్టరమ్మైతే ఏటి, ఫొటో తీసుకోకూడదేటి? కూకో. చోడి అంబలి తాగుతావా?"

అంబలి తాగాకే చెప్పాను. ఎలా తేలిందో మాత్రం చెప్పలేదు. అది మా కేంద్రం నియమం. నూలు పట్టుకెళ్ళి జబ్బు పేరు పెడుతున్నారని తెలిస్తే ఒక్క ఊరు నుంచి కూడా చిలప బయటికి రాదని పైవాళ్ళ భయం. పరీక్షలో తేలిందన్నాను. అంతకు ముందు నెల ఊళ్ళో రక్తం తీసిన శిబిరం ఒకటి జరిగిందట, గున్నమ్మ అదే అనుకుంది.

జబ్బు ఇదీ, మందు ఇదీ అని చెప్పాను. అన్నిటికన్నా కష్టమైన మాట ఆఖరికి దాచుకున్నాను. ఢిల్లీ పతకం తెచ్చిన చేతులు. ఏడుస్తుందని సంచిలో మంచినీళ్ళ సీసా కూడా దగ్గరగా పెట్టుకున్నాను.

"పెద్దమ్మా, మందు వేస్తే ప్రాణానికి ఢోకా లేదు. కానీ వేళ్ళు మొద్దుబారతాయి. సన్ననూలు ఇక వడకలేవు."

గున్నమ్మ అడ్డపొగ తీసి పక్కకి ఉమ్మింది.

"పోతే పోనీ. ఏళ్ళు పోతే ఏటి, మనిషి ఉంటే సాలదేటి? ఎప్పుడు పొడుస్తారు సూది?"

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. నా వెనక గుమ్మంలో నిలబడ్డ సంతోషి మాత్రం రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. దాని మొహం తెల్లగా పాలిపోయింది. పాపం అత్తంటే ఎంత ప్రేమో అనుకుని, ఆ మాటే మెచ్చుకోలుగా అని, బస్సెక్కేశాను.

*

ఇంటికొచ్చేసరికి మా ఆయన కుడిచేతి చూపుడు వేలికి కట్టు కట్టుకుని సోఫాలో పడుకుని ఉన్నారు. దోసకాయ తరుగుతుంటే తెగిందట. కట్టు విప్పి చూస్తే గోరు పక్కన గీత, చీమ కుట్టినంత.

"దీనికా ఇంత హంగామా?"

"నీకేం, చెప్తావు. రేపు క్లబ్బులో క్యారమ్స్ ఫైనల్స్. స్ట్రైకర్ కొట్టే వేలు ఇది. ఎడం చెయ్యి తెగినా బాధపడకపోదును."

రాత్రి భోజనం దగ్గరా అదే ఏడుపు. వేలు పైకెత్తి చూసుకుంటారు, మళ్ళీ నిట్టూరుస్తారు. పెరుగన్నంలో ఊరగాయ నంజుకోబోయిన నా చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఊళ్ళో క్లబ్బులో క్యారమ్స్ ఆడే మనిషికి గోరు గీసుకుంటే ఇంత గోల. దేశంలోకెల్లా సన్ననూలు వడికిన మనిషికి వేళ్ళు పోతాయంటే పోతే పోనీ అంటుందా? చేతులు కొంగులో దాచుకున్నది ఎవరు?

మర్నాడు ల్యాబు తలుపు తీయగానే నజీర్ని అడిగాను. "నీ యంత్రం తొట్రుపాటు ఒక్కటే చెప్తుందా, చెయ్యి ఎవరిదో కూడా చెప్తుందా?"

"తొట్రుపాటే మేడం. కానీ యంత్రం తప్పు చెప్పదు."

"తప్పు చెప్పిందని నేనన్నానా? ఆ చిలపకి చీటీ కట్టింది నీ యంత్రమా?"

వాడు పెన్ను టీలో ముంచాడు.

"మందు ఎప్పుడొస్తోంది?"

"బయల్దేరింది మేడం. రేపే వస్తుంది, గురువారం."

తప్పు మనిషికి సూది పొడిస్తే ఆ మనిషి వేళ్ళు ఊరికే పోతాయి. అసలు మనిషి ప్రాణం పోతుంది. రెండో మోతాదు అడగడానికి ఢిల్లీలో ఉంటే కదా! కారు తీయమన్నాను.

*

ఈసారి అంబలి వద్దన్నాను. "పెద్దమ్మా, ఒక్క బెత్తెడు దారం తీసి చూపించు. చూసి వెళ్ళిపోతాను."

"ఇయ్యాళ మంగళారం," అంది గున్నమ్మ.

"బుధవారం."

"బుధారం అసలు తీయము. పత్తి సెమ్మగా ఉన్నాది. రాట్నం తిప్పే మాల్తాడు ఎలక కొరికీసింది. ఏం, నా నూలు ఢిల్లీలో సూసినారు, నువ్వు సూసేదేటి?"

మామూలుగా అయితే నవ్వొచ్చేది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. నియమం సంగతి తర్వాత చూసుకుందామనుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. రక్తం కాదు పెద్దమ్మా, నూలు చూసి పట్టుకున్నాం, నాలుగైదేళ్ళ నుంచి ఆ నూలు వడికిన చేతిలో ఉంది జబ్బు అన్నాను.

"ఏ నూలు?"

"నీ పేరు చీటీ ఉన్న నూలు."

గున్నమ్మ తన చేతుల వంక చూసుకుంది. కుడి బొటనవేలు కీలు దగ్గర జామకాయంత ఉబ్బి ఉంది. ఆ వేలు వంగదని అప్పుడు గమనించాను. మెల్లగా తలెత్తి కోడల్ని చూసింది. ఒళ్ళో దవడ జారి నేల మీద పడింది, తీసుకోలేదు.

"నా సేతిలో జబ్బు నేదు," అంది. కోడల్నే చూస్తూ మళ్ళీ అంది, "ఓలమ్మో, నాకు బాగున్నాదన్న మాట ఇంత పాడుమాట ఔతాదని నాకు తెల్దు నాయనా."

సంతోషి గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు తెలిసింది పెసరవలస ఆచారం. ఆ ఊళ్ళో రాట్నం ఇంటి పెద్దావిడది. ఆవిడ తనంతట తాను సంఘం ముందుకి వెళ్ళి, వాలుగ దవడ కోడలి చేతిలో పెట్టి, ఇక నీది అనేదాకా ఆ ఇంట్లో ఎవరు వడికినా చీటీ ఆవిడ పేరు మీదే. సంఘం సెక్రటరీని తర్వాత నిలదీశాను. "అది అందరికీ తెలిసిందే కదండీ, మీరడగనేదు," అన్నాడు. పీక పిసకాలనిపించింది కానీ, నిజమే, మేము అడగలేదు.

గున్నమ్మ బొటనవేలు పదేళ్ళ కిందటే చచ్చుబడింది. అది మాత్రం ఊరికి తెలియదు. చూడ్డానికొచ్చినవాళ్ళ ముందు రాట్నం దగ్గర కూర్చోవడం, ఒక చుట్టు తిప్పడం, నడుం నొప్పని లేచిపోవడం. పతకం వచ్చిన మరుసటి ఏడే దవడ ఇచ్చేస్తే ఊరేమంటుందోనని ఇవ్వలేదు. సంతోషి ప్రతి పొద్దునా ఆ దవడ అడిగి తీసుకుని, పత్తి దువ్వుకుని, మళ్ళీ అత్త ఒళ్ళో పెట్టేసేది.

"నీకు ఎప్పుడూ కష్టమనిపించలేదా?" అని సంతోషిని అడిగాను.

"అత్త పేరైతే ఏటి, నా పేరైతే ఏటి మేడం? నూలు అదే గదా."

"సరే. రేపు మందొస్తుంది. నీకే వేస్తాం."

"నాకొద్దు," అంది సంతోషి.

చాలా మెల్లగా అంది. బతిమాలాను, తిట్టాను, మూడో తరగతి చదువుతున్న దాని కూతురు పేరు ఎత్తాను. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ పని చేసే దాని మొగుడు రమణని స్తంభం మీంచి దింపి పిలిపించాను. అతను వచ్చి గోడకానుకుని నిలబడి ఏడ్చాడు. సంతోషి ఒక్కటే మాట అంది.

"బళ్ళో నాకేదీ రానేదు మేడం. లెక్కలు రానేదు, ఇంగ్లీసు రానేదు. అందరూ మొద్దు అనేవోరు. ఇది వొచ్చింది. కళ్ళు మూసుకున్నా దారం నా ఏళ్ళల్లో కనపడతాది. అది కూడా తీసేస్తే నేను ఎవుల్ని?"

వైద్యంలో ఆ ప్రశ్నకి పాఠం చెప్పలేదు. అత్తగారే లేచింది. లేచి వచ్చి కోడలి ముందు చతికిలబడి, ఉబ్బిన బొటనవేలు దాని మొహం ముందు పెట్టింది.

"సూడే గుంటా. పదేళ్ళయి ఈ ఏలు ఒట్టి కర్ర. నాను తిండి మానేసినానా? నవ్వడం మానేసినానా? నీతో దెబ్బలాడ్డం ఒక్క దినం మానేసినానా? నూలు తీయకపోతే మనిషి సచ్చిపోదే. పేరు పోతాదన్న భయం ఉన్నాది సూడు, అదే రోజూ సంపుతాది. నాను ఆ భయంతో నీ పదేళ్ళు తినేసినాను. ఇంక తినను. నువ్వు బేగి లెగు. సంఘం తలుపులు ఏసీలోగా ఎల్లాల."

"అత్తా, అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. పళ్ళున్నోళ్ళు నవ్వుతారు."

మెళ్ళో పతకం తీసి, నేల మీద పడ్డ దవడ తీసి, రెండూ చేత్తో పట్టుకుని గున్నమ్మ వీధిలో నడిచింది. వెనక సంతోషి, దాని వెనక రమణ, వాళ్ళ వెనక నేను. సంఘం హాల్లో చిలపలు తూకం వేయడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. గున్నమ్మ మధ్యలో నిలబడింది. తన వేలు చూపించింది. పదేళ్ళ నుంచి తన చీటీ కట్టిన ప్రతి పోగూ కోడలిదేనని గొంతెత్తి చెప్పింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఏడ్చింది, ముక్కు చీది మళ్ళీ చెప్పింది. ఆఖర్న దవడ సంతోషి చేతిలో పెట్టి, పతకం దాని మెళ్ళో వేసి, "ఇంక నీది," అంది.

ఎవరూ నవ్వలేదు. మూల కూర్చున్న ఒక ముసలావిడ మాత్రం, "ఓసి గున్నమ్మా, నీ ఏలు సంగతి నాకు ఎప్పుడో తెలుసు, నువ్వు సెప్తావని సూస్తన్నాను," అంది. అప్పుడు అందరూ నవ్వారు. గున్నమ్మ కూడా నవ్వింది.

సంతోషి ఆ దవడని గుండెకి ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత నా దగ్గరకొచ్చింది.

"ఒక్క చిలప, మేడం. నా పేరు మీద. ఆ తర్వాత పొడవండి."

*

ఢిల్లీకి ఫోన్ చేశాను. మందు గున్నమ్మ పేరు మీద మంజూరైంది, పేరు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది అన్నాడు అవతల ఒక పెద్దమనిషి. వారంలో పాడైపోయే మందుకి వచ్చే నెల కమిటీ!

"అయ్యా," అన్నాను, "మీ కమిటీని నిలబడి సంతకాలు పెట్టమనండి. కూర్చునే తీరిక ఇక్కడ మాకు లేదు. లేదంటే చెప్పండి, గున్నమ్మనీ కోడల్నీ రైలెక్కించి మీ ఇంటికి తీసుకొస్తాను. గున్నమ్మ నోరు మీకు తెలియదు."

నా నోరు మాత్రం ఆయనకి తెలుసు. గంటలో పేరు మారింది. పక్కనే నిలబడ్డ నజీర్ ఆ గంటసేపూ గోళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

సంతోషి తన పేరు మీద తీసిన మొదటి చిలపే ఆఖరిది కూడా. దాన్ని అమ్మలేదు. గున్నమ్మ పాత కోకలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఎలుకలు కొడతాయి పెద్దమ్మా అంటే, నా ఇంట ఎలక నేదు అంది. మాల్తాడు కొరికిన ఎలుక ఏమైందని నేనడగలేదు.

సూదులు ఆరు, రోజుకొకటి. మా కేంద్రంలోనే ఎక్కించాం. ప్రతిసారీ గున్నమ్మ వెంట వచ్చింది, ప్రతిసారీ నర్సుతో దెబ్బలాడింది. రెండో సూదికి కుడిచేతి వేళ్ళు, నాలుగో సూదికి ఎడంచేతి వేళ్ళు మొద్దుబారాయి. ఆ రోజు సంతోషి మంచం మీద కూర్చుని, తన జడ లోంచి ఒక వెంట్రుక లాగి, రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఇది గెలుపని నజీర్ వరండాలో అందరికీ బర్ఫీ పంచుతున్నాడు. గెలుపే. ఆ బర్ఫీ నేను తినలేకపోయాను.

*

వానాకాలం వెళ్ళాక, పరీక్షకి చిలప కోసం పెసరవలస వెళ్ళాను. ఆరు నెలలకోసారి ఆ చేతి నూలు చూడాలి. ముతకదైనా సరే, సొంతంగా ఒక్క పోగు తీస్తే చాలు.

అరుగు దగ్గరికి రాకముందే రాట్నం చప్పుడు వినిపించింది, దాని మీద గున్నమ్మ గొంతు.

"ఒదులు... ఒదులు... ఊఁ, బిగి. బిగి అంటే నీకు సెవుడా! తెగిపోతాదే!"

"తెగలేదు అత్తా, అరవకు."

రాట్నం ముందు సంతోషి. ఏకు దాని చేతిలో ఉంది, వేళ్ళు చక్కగా వంగుతున్నాయి, పట్టు ఉంది, తెలివిడి లేదు. పక్కనే ఆనుకుని గున్నమ్మ. ఆవిడ బొటనవేలు వంగదు కానీ మిగతా వేళ్ళకి తెలివిడికేం లోటు లేదు. సాగుతున్న దారం కింద చూపుడు వేలు తాకీ తాకనట్టు పెట్టి, కళ్ళు మూసుకుని, దారం ఎలా ఉందో కోడలికి చెప్తోంది. చెప్పడమంటే తిట్టడమే. ఆ తిట్లకి తగ్గట్టు సంతోషి సాగదీస్తోంది. పళ్ళెంలో చిలప సగం తయారైంది. పట్టుకుని చూశాను. ఢిల్లీకి పంపేంత సన్నం కాదు. నేను కట్టుకున్న చీరకన్నా సన్నమే.

"ఎన్నాళ్ళయింది ఇలా మొదలెట్టి?"

"ఇద్దరం కొట్టుకు సచ్చిపోతామని మా వోడు రోజూ భయపడతన్నాడు," అంది గున్నమ్మ. "డాక్టరమ్మా, సీటీ మీద ఎవుల పేరు రాయాలో సంఘంలో తేలట్లేదు. నువ్వు సెప్పు."

"దవడ ఎవరి దగ్గరుంది?"

"దాని దగ్గరే. అడిగితే ఇస్తాది, అదీ సణిగి."

"అయితే దాని పేరే."

సంతోషి రాట్నం ఆపకుండానే నవ్వింది. పతకం గోడ మీద మేకుకి ఉంది.

సంతోషి ఒక్కతే తీసిన మూర ముతకదారం సంచిలో వేసుకుని వచ్చాను. నజీర్ యంత్రం మీద పెట్టాడు. టిక్కులు ఉన్నాయి. సూదులకి ముందు ఎంత ఎడంగా ఉన్నాయో అంతే ఎడంగా ఉన్నాయి, ఒక్కటి పెరగలేదు. మూడుసార్లు తిప్పి చూశాడు. ఈసారి బర్ఫీ నేను తెప్పించాను.

ఏడాది ఆఖరికి దేశం లెక్క పంపాలి. సంతోషి పేరు, ఊరు, గుర్తించిన తేదీ, మందు, అన్నీ నింపి పంపబోతే కంప్యూటర్ ఎర్రగా ఏడిచింది. చివరి గడి తప్పనిసరిగా నింపవలెను. ఆ గడి ఖాళీగా ఉండొచ్చని అది తయారుచేసినవాడికి తట్టనే లేదు. మాకు మాత్రం ఎప్పుడు తట్టింది కనక?

మళ్ళీ ఢిల్లీకి ఫోన్. అదే పెద్దమనిషి. నా గొంతు వినగానే, "మేడం, కమిటీ నిలబడే ఉంది," అన్నాడు. సాయంత్రానికి ఆ గడిలో తేదీకి బదులు ఏ మాటైనా రాసుకోనిచ్చారు.

నజీర్ నా భుజం మీంచి చూస్తున్నాడు. ఏం రాస్తారు మేడం అన్నాడు. ఆ గడిలో నేను ఇన్నేళ్ళూ కొట్టినవన్నీ తేదీలే, అక్షరాలు కొట్టడం అదే మొదలు. వేళ్ళు కాస్త తొట్రుపడ్డాయి. అది జబ్బు కాదు, సంతోషం.

ఇంకా వడుకుతోంది, అని రాశాను.